తినలేనివాళ్ళ వరుస

నా భార్య గురువారం మధ్యాహ్నం పోయింది. మా ఇంట్లోనే, హాల్లో సోఫా మీద. ఆ సమయానికి నేను ఇంట్లో లేను.

ఆ రోజు సంగతి ముందు చెప్పేస్తాను. బుధవారం డయాలిసిస్ అయింది. గురువారం పొద్దున కాస్త తేరుకుంది. రెండు బ్రెడ్డు ముక్కలు టీలో ముంచుకుని తింది. తొమ్మిదింటికి కాగితం, పెన్ను తెమ్మంది. పదహారు రోజుల్లో మా కృతజ్ఞత కూడిక ఉంది. విందుకు ఏమేం వండాలో రాయాలి. ఆమె చెప్పడం, నేను రాయడం. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి.

నాలుగు వంటకాలు రాశాను. ఐదోది చెప్పబోతుంటే ఆయాసం వచ్చింది. నేను పెన్నుకి మూత పెట్టేశాను.

"ఈ ఏడు కూడిక లేదు," అన్నాను.

"లేదని ఎవురు సెప్పినారు?"

"నేనే. నువ్వు నిలబడలేకపోతున్నావు."

"నిలబడి వండినానా ఎప్పుడైనా? కూకునే కదా అందరి సేతా సేయించినాను."

"వద్దంటే వద్దు. పాస్టరు గారికి ఫోన్ చేసి చెప్పేస్తాను."

ఆమె చెయ్యి చాపి నా ఒళ్ళోంచి కాగితం తీసుకుంది. పెన్ను కూడా. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నేను మందుల కోసం క్లినిక్‌కి వెళ్ళాను. వరసలో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి పన్నెండున్నర. ఆమె సోఫా మీద పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను. చప్పుడు కాకుండా సంచీ బల్ల మీద పెట్టాను. చలేస్తుందేమోనని ఫ్యాను తగ్గించాను. ఫ్యాను చప్పుడు తగ్గాకనే ఆమె ఊపిరి వినబడడం లేదని తెలిసింది.

నేను ఆమెతో ఆఖరుగా అన్నది వద్దన్న కసురు మాటే. ఈ పదిహేను రోజులూ ఇంటికి వచ్చినవాళ్ళంతా నాతో ఎన్నో మంచి మాటలు చెప్పారు. వాళ్ళలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఇది చదివే మీకు ఇప్పుడు చెబుతున్నాను.

మీలో చాలామంది ఆమె పెట్టిన భోజనం తిన్నవాళ్ళే. తిననివాళ్ళకు కూడిక గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా తాతలు ఈ మలేషియా తోటల్లో పని చేసినప్పుడు దాన్ని కోతల పండుగ అనేవారు. పామాయిలు తోటకి కోతకాలమంటూ ఉండదు. ఏడాదంతా గెలలు దిగుతూనే ఉంటాయి. అయినా దేవుడికి స్తోత్రం చెప్పుకోవడానికి ఒక రోజు ఉండాలని పెద్దలు ఏడాది చివర ఒక శనివారం పెట్టుకున్నారు. తోటలు పోయాయి. మేము బంటింగ్‌లో ఇళ్ళ కాలనీకి వచ్చాం. శనివారం మాత్రం మిగిలింది. సాయంత్రం పాటలు, సాక్ష్యాలు, ఆ తరువాత అందరికీ భోజనం. మా ఇంటి ముందు షామియానా వేస్తే ఎనభై మంది పడతారు. ఒక ఏడు నూట ఇరవై మంది వచ్చారు.

ఆమె బాగన్ దాతుక్ కొబ్బరితోటల పిల్ల, నా మేనమామ కూతురు. పెళ్ళికి ముందూ తరువాతా నన్ను బావా అనే పిలిచింది. నేను ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో ముప్పై ఏళ్ళు చేశాను. ఏ పనికైనా నా మొదటి ప్రశ్న "ఎంతమంది?" మొదటి ఏడు విందుకు కాగితం పట్టుకుని అదే అడిగాను.

"అది తరవాత. తినలేనోళ్ళు ఎవురో ముందు సెప్పు," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఫలానా తాతకి పళ్ళు లేవు. ఫలానా ఆవిడకి షుగరు. పక్కింటి మలాయ్ కుటుంబం హలాల్ కోడి అయితేనే ముట్టుకుంటుంది. పిల్లలు కారం తినరు. "తినగలిగినోళ్ళు ఏది పెట్టినా తింతారు, బావా. ఆళ్ళ కోసం ఆలోసించక్కర్లేదు." అందుకని కాగితంలో పై వరుస ఖాళీగా వదలమంది. కింద వంటకాలు నేను రాయాలి. పై వరుస చివర్లో తనే రాసేది, తోటలోని తెలుగు బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో. ఆ వరుస చూసి కింద రాసినవి కొన్ని కొట్టేసేది. ఆ తరువాత కాగితం మడిచి బియ్యం డబ్బాలో, కొలత కోసం ఉంచిన పాల డబ్బా కింద పెట్టేది. విందు రోజు పొద్దున దాకా దాన్ని ఎవరూ తీయకూడదు.

పై వరుసలో పేరున్నవాళ్ళకు ఇంకో మర్యాద కూడా ఉండేది. వాళ్ళ కుర్చీ బల్ల నడుమ వేయాలి. వాళ్ళకు ముందు వడ్డించాలి. తినండి తినండి అని ఎవరూ అనకూడదు.

నూట ఇరవై మంది వచ్చిన ఏడు ఆమె చెయ్యి బెణికింది. గుమ్మడికాయ పులుసు బాధ్యత నేను తీసుకున్నాను. ఎనిమిది మందికి ఆమె వాడే కొలతలన్నీ పదిహేనుతో గుణించాను. చింతపండు, కారం, ఉప్పు అన్నీ. నా లెక్కలో ఒక్క తప్పు లేదు. పులుసు మాత్రం నోట పెట్టడానికి వీల్లేదు. ఆమె గరిటెతో చప్పరించి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏటి బావా, ఇది పులుసా, సముద్రమా?"

"లెక్క ప్రకారమే వేశాను."

"మనుసులు పెరిగినట్టు ఉప్పు పెరగదు లా," అంది, ఇక్కడ అందరం మాట చివర తగిలించే మలాయ్ "లా"తో.

పులుసు మూడు గిన్నెల్లోకి పంచి, ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిపాలు కలిపి ఆ రోజు గట్టెక్కించింది. అప్పటినుంచి నేను ఉప్పు డబ్బా దగ్గరకు వెళ్తే వంటింట్లో ఆడవాళ్ళందరూ ఒకేసారి నా వైపు చూసేవారు.

ఇంకో ఏడు సైబర్‌జయలో కంప్యూటర్ ఉద్యోగం చేసే గుంటూరు అబ్బాయి కొత్తగా కూడికకు వచ్చాడు. అతని కంపెనీ అమెరికావాళ్ళది. థ్యాంక్స్‌గివింగ్ అని విని, ఆ పండుగకు వాళ్ళు వండే టర్కీ కోడిని, రాయిలా గడ్డకట్టినదాన్ని, కారులో వేసుకొచ్చాడు.

"ఆంటీ, దీన్ని ఓవెన్లో నాలుగు గంటలు పెట్టాలంట."

ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "ఏటిది నాయనా, కోడా, దూడా?"

అందరూ నవ్వారు. అబ్బాయి మొహం చిన్నబోయింది. ఆమె అది చూసింది. ఓవెన్లో పట్టదని చెప్పకుండా, "మా ఊరి పద్దతిలో సేస్తే పర్లేదా?" అని అడిగింది. కరిగాక కత్తితో ముక్కలు కొట్టించి, అల్లం, ధనియాలు, కొబ్బరి నూరి కూర చేయించింది. వడ్డించేటప్పుడు "ఇది ఈ అబ్బాయి తెచ్చినాడు" అని ప్రతి ఆకు దగ్గరా చెప్పింది. ఆ తరువాత ఆ అబ్బాయి ఒక్క కూడిక కూడా మానలేదు.

ఎక్కువమంది ఉన్నప్పుడే ఇలా అనుకోకండి. కరోనా రోగం వల్ల ఎవరూ ఇల్లు కదలకూడదన్న ఏడు కూడికకు మేమిద్దరమే. అప్పుడూ కాగితం తెమ్మంది. నేను విసుక్కున్నాను. ఇద్దరికి కాగితం ఏమిటన్నాను. "ఇద్దరైనా విందు విందే," అంది. పై వరుసలో పక్కింటావిడ కొడుకు పేరు రాసింది. అతనికి జ్వరం తగ్గి నోరు చేదుగా ఉందట. అల్లం వేసిన చారు డబ్బాలో పోసి గోడ మీంచి అందించింది.

ఇప్పుడు చెప్పబోయేది నేను మరచిపోలేనిది. మా చర్చిలో గంట కొట్టే పెద్దాయన ఉండేవాడు. కూడికకు నెల ముందు ఆయన భార్య పోయింది. ఆ ఏడు పై వరుసలో ఆయన పేరు కనబడింది. నేను ఆశ్చర్యపోయాను.

"ఆయనకి పళ్ళన్నీ ఉన్నాయి. షుగరు కూడా లేదు," అన్నాను.

"ఏడ్సినోళ్ళకి నమలడం రాదు, బావా. మింగడమే వస్తాది."

ఆయనకు మెత్తన్నం, పల్చటి పప్పుచారు విడిగా వండించింది. నడుమ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎవరూ ఆయన ఆకు వైపు చూడలేదు. ఆయన చాలాసేపు వేళ్ళతో కలుపుతూ కూర్చున్నాడు. తరువాత కొంచెం తిన్నాడు. ఇంకొంచెం వేయించుకున్నాడు. చివరికి తలెత్తి, "అమ్మా, నెత్తళ్ళ వేపుడు నాకు ఎయ్యలేదేటి?" అన్నాడు. బల్లంతా ఒక్కసారి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆమె మాత్రం ఆ చిన్న చేపల వేపుడు తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

రెండేళ్ళ కింద ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. ఉప్పు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు. కొబ్బరితోటలో పుట్టిన మనిషికి కొబ్బరినీళ్ళు వద్దన్నారు. ఆ ఏడూ, మరుసటి ఏడూ పై వరుసలో తన పేరు రాసుకోలేదు. నాకు కోపం వచ్చింది.

"ఇప్పుడు తినలేనిదానివి నువ్వే. నీ పేరేది?"

"వండేవోళ్ళు లెక్కలోకి రారు," అంది. అక్కడితో ఆ మాట తెగిపోయింది.

ఆమె పోయిన మూడో రోజు మా అమ్మాయి అన్నం వండుదామని బియ్యం డబ్బా తెరిచింది. క్లాంగ్‌లో ఉంటుంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది తక్కువ.

"నానా, అమ్మ పేపర్ ఇక్కడ ఉంది."

నేను హాల్లోంచే, "ముట్టుకోకు. అక్కడే ఉంచు," అన్నాను.

సోఫా నుంచి బియ్యం డబ్బాకు పద్నాలుగు అడుగులు. నేను క్లినిక్‌లో కూర్చుని ఉండగా ఆమె లేచి, గోడ పట్టుకుని, అంత దూరం నడిచిందన్నమాట. కాగితం పాల డబ్బా కింద పెట్టి, తిరిగి వచ్చి పడుకుంది. కూడిక లేదని నేను చెప్పిన తరువాత. పై వరుసలో ఏం రాసి ఉంటుంది? తన పేరు రాసుకుందేమో. ఖాళీగా వదిలేసిందేమో. నా మాట విని మొత్తం కొట్టేసిందేమో. ఏది చూసినా తట్టుకోగలనని అనిపించలేదు. ఇన్నాళ్ళూ ఆ డబ్బా మూత నేను తీయలేదు. అమ్మాయి కొట్టునుంచి వేరే చిన్న బియ్యం సంచీ తెచ్చుకుని వండింది. నాకు పెట్టింది. నేను తినలేదు. నాలుగు మెతుకులు నోట్లో తిప్పి, నీళ్ళతో మింగాను.

మధ్యలో పాస్టరు గారు వచ్చారు. ఈ ఏడు చర్చి హాల్లో కేటరర్ భోజనంతో చిన్నగా కానిద్దామా, అసలు మానేద్దామా అన్నారు. నన్నే తేల్చమన్నారు. నేను తేల్చలేదు.

ఈ రోజు శుక్రవారం. కూడిక రేపు సాయంత్రం. పొద్దున అమ్మాయి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నానా, కేటరర్ వెయిట్ చేస్తున్నాడు. మధ్యాహ్నం లోపల ఆన్సర్ చెప్పాలి లా. ఎంతమంది?"

ఎంతమంది. అది నా మాట. నా కూతురి నోట విన్నాను.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. మూత తీశాను. కాగితం నాలుగు మడతలుగా ఉంది. పైభాగం కనబడకుండా అరచేత్తో కప్పుకుని కింది నుంచి చదివాను. నేను రాసిన నాలుగూ అలాగే ఉన్నాయి. కొబ్బరి అన్నం, కోడికూర, నెత్తళ్ళ వేపుడు, గుమ్మడికాయ పులుసు. వాటి కింద ఆమె అక్షరాలు వణికి ఉన్నాయి. సగ్గుబియ్యం పాయసం. పులుసు పక్కన చిన్నగా "ఉప్పు బావ ఎయ్యకూడదు" అని ఉంది. నాకు నవ్వు వచ్చింది. ఈ పదిహేను రోజుల్లో అదే మొదటిసారి. అమ్మాయి భయపడి నా భుజం పట్టుకుంది.

చెయ్యి తీశాను.

పై వరుసలో "బావ" అని ఉంది. దాని పక్కన, మెత్తన్నం, పల్చటి పప్పుచారు. నడుమ కుర్చీ. తినమని అనొద్దు.

అమ్మాయికి తెలుగు చదవడం రాదు. చదివి వినిపించమంది. నేను చదవగలిగినంత చదివాను. అమ్మాయి ఫోన్ తీసి కేటరర్‌తో వద్దని చెప్పింది. తరువాత పాస్టరు గారికి నేనే ఫోన్ చేశాను. మా ఇంటి ముందే అని చెప్పాను. చర్చి ఆడవాళ్ళు రేపు మధ్యాహ్నానికి వంటకు వస్తారు. పులుసులో ఉప్పు ఎవరు వేస్తారో అప్పుడే పోట్లాడుకుంటున్నారట.

మెత్తన్నానికి బియ్యం ముందే నానాలని ఆమె అనేది. రేపు ఉదయం ఐదింటికి లేస్తాను. డబ్బాలోంచి ఆ పాల డబ్బాతో ఒక్క కొలత బియ్యం తీసి, కడిగి, విడిగా నానబోస్తాను. తరువాత మార్కెట్‌కి వెళ్ళి, ఆమె ఎప్పుడూ కొనే మలాయ్ కొట్టులోనే కోళ్ళు కొంటాను.