ఆయుధపూజకు తుడిచిన హార్డ్ డిస్క్

మార్కాపురంలో మా నాయనకు పలకల ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, కొన్ని కోత మిషన్లు, అంతే. ఆ మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆయనకు ఇంట్లో కూడా కేకలే అలవాటు. ఉప్పు అడిగినా వీధి చివరికి వినపడేది. పలకలు కొనేవాళ్ళు తగ్గి షెడ్డు మూసేశాక ఆ గొంతూ తగ్గిపోయింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని అమ్మ మొదట్లో సంబరపడింది కానీ, రానురాను ఆ నిశ్శబ్దం మా ఇద్దరికీ నచ్చలేదు.

మిషన్లు చివరిసారి నడిచిన రోజు నేను తీసిన వీడియో నా హార్డ్ డిస్క్‌లో ఉండేది. సాయంత్రాలు నాయనే దాన్ని కంప్యూటర్‌కు తగిలించుకుని చూసేవాడు. షెడ్డు తాలూకు ఆయనకు మిగిలింది అదొక్కటే.

మిషన్లు లేని మొదటి ఆయుధపూజకు ఆయన చేతులు ఊరుకోలేదు. కత్తిపీట తోమాడు, స్కూటర్ కడిగాడు, చివరికి హార్డ్ డిస్క్ దగ్గరికి వచ్చాడు. పైన గుడ్డతో తుడిచాక లోపల కూడా శుభ్రం చేయాలనిపించింది. ఫార్మాట్ చేస్తే శుభ్రమవుతుందని నా ఫోన్ గురించి నేనెప్పుడో అన్న మాట గుర్తుంది మరి! తెరమీద ఆ మాట కనపడగానే నొక్కేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. పూజకు కడిగినదేదీ మా ఇంట్లో ఖాళీగా ఉంచరు. కడిగిన బిందెలో అమ్మ గుప్పెడు బియ్యం వేస్తుంది. ఈయన ఖాళీ డిస్క్‌లోకి కంప్యూటర్‌లోని భక్తిపాటలన్నీ ఎక్కించి, పైన కుంకుమబొట్టు పెట్టాడు. సాయంత్రం వీడియో కోసం వెతికితే అన్నీ పాటలే.

"ఏంది నాయనా ఈ పని?" అని కోపంగానే అడిగాను. ఆయన ముఖం చూశాక కోపం పక్కనపెట్టి నలుగురినీ వాకబు చేశాను.

గిద్దలూరులో ఇలాంటివి తిరిగి తీసే భాయ్ ఒకతను ఉన్నాడంటే, పండగ పోగానే ఇద్దరం బస్సెక్కాం. దుకాణంలో భాయ్ డిస్క్ మీది బొట్టు చూసి నవ్వాడు.

"ఫార్మాట్ అంటే ఉత్తచేత్తో పలక తుడిచినట్టు పెద్దాయనా. అక్షరాలు లీలగా ఉంటాయి. మళ్ళా రాస్తేనే పోతాయి. ఏమన్నా రాసినారా?"

"పాటలు ఎక్కించినా. ఖాళీగా పెట్టగూడదని." నాయన గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

భాయ్ నవ్వు ఆపేశాడు. "వాటి కింద ఏది పడిందో చెప్పలేనక్కా. చూద్దాం."

మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పాటల కింద పడి నా పెళ్ళి వీడియో పోయింది. షెడ్డు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడింది. భాయ్ దాన్ని కొత్త డిస్క్‌లోకి ఎక్కించి, "కుంకుమ ఉంటే ఇట్ల ఇయ్యి పెద్దాయనా, బొట్టు నేనే పెడతా, నువ్వు లోపలికి మాత్రం పోవద్దు," అన్నాడు.

ఇంటికొచ్చాక నాయన సౌండ్ పూర్తిగా పెంచాడు. ఒక మిషన్ మొదలైంది, ఇంకోటి అందుకుంది. తెరమీంచి చూపు తిప్పకుండానే, "ఏమేయ్, టీ పెట్టు!" అని షెడ్డులో వేసే కేక వేశాడు. ఆ కేక విని ఎన్నాళ్ళయిందో! నాకు ప్రాణం లేచొచ్చింది.

"పెట్టినా! నాకేం చెవుడు లేదు!" అని వంటింట్లోంచి అంతకంటే గట్టిగా అరిచింది అమ్మ, పొయ్యి దగ్గర నిలబడి నవ్వుకుంటూ.