ఊడని ముడి

నా ఇద్దరు కొడుకులకూ నేను ఏనాడూ చొక్కా తొడగలేదు. పడవలు ఒడ్డుకు వచ్చే వేళకి నేను ఇసుక మీద ఉండాలి. చేపలు కొని, గంపని ఆటో మీద తాడుతో బిగించి, నెల్లిమర్ల వెళ్లి అమ్ముకుని ఇంటికి చేరేసరికి పిల్లలు బడి నుంచి కూడా వచ్చేసేవారు. పొద్దున్న వాళ్లకి బట్టలు వేసేది మా అత్త. వాళ్లంతట వాళ్లు వేసుకోవడం ఎప్పుడు మొదలుపెట్టారో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మోకాళ్లు అరిగిపోయి గంప దించేశాక విజయనగరంలో పెద్దకొడుకు దగ్గరికి వచ్చాను. వాడూ కోడలూ ఏడు గంటలకే పనికి వెళ్లిపోతారు. నాలుగేళ్ల మనవరాలిని తయారుచేసి ఎనిమిదిన్నరకి బడి ఆటో ఎక్కించడం నా వంతు. ఆటో మలుపు తిరిగాక సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. యాభై దాటాక పలక పట్టినదాన్ని, పేపరు కూడబలుక్కుని చదువుతాను. అది ఎంత చదివినా తిరిగి పలకదు కదా.

అందుకే బట్టలు వేసే పనిని సాగదీసేదాన్ని. మనవరాలు నా భుజాలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడేది. దాని ఊపిరి నా మెడకి వెచ్చగా తగిలేది. రోజు మొత్తంలో నన్ను ఒకరు ముట్టుకునేది అప్పుడే.

ఒకరోజు కోడలు అడిగింది. "అత్తా, గుంటకి బట్టలేసుకోడం నేర్పమని టీచరు సెప్పింది. నేర్పుతన్నావా?"

"నేర్పుతన్నాను" అన్నాను. పచ్చి అబద్ధం.

మనవరాలు "నానేసుకుంతాను మామ్మా" అని చొక్కా లాక్కుంటే, "ఆటో వచ్చీసింది, రా రా!" అని కంగారు పెట్టేదాన్ని. ఆటో రావడానికి ఇంకా అరగంట ఉండేది.

ఇంతలో దాని నిక్కరు ఎలాస్టిక్ వదులైపోయింది. నేనే దాన్ని తీసేసి బొందు ఎక్కించి, గట్టిగా ముడి వేసి పంపాను. ఆ సాయంత్రం దానితోపాటు ఆటోలో వచ్చిన బడి ఆయా గుమ్మంలోనే అందుకుంది.

"ఏటి మామ్మా ఆ ముడి? గుంటకి కట్టినావా, గొడ్డుకి కట్టినావా? ఇప్పనేక నానూ టీచరూ ఇద్దరం అవస్త పడ్డాం. కత్తెర తెచ్చీలోపు నిక్కర్లోనే అయిపోనాది!"

మనవరాలు ఎవరిదో నిక్కరు వేసుకుని, తడిసినది కవర్లో పట్టుకుని నిలబడింది. పిల్లలంతా నవ్వారట. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మొహం చూడకుండా, "నాను ఇప్పలేకపోనాను" అంది, తప్పు తనదే అన్నట్టు.

నా చేతికి వచ్చిన ముడి అదొక్కటే. గంప కట్టే ముడి. ఆటో గోతిలో పడినా ఊడకూడదు. నలభై ఏళ్లు ఊడకుండా కట్టడమే చూసుకున్నాను. విప్పుకోవాల్సింది ఆ పిల్ల చిన్న వేళ్లని నాకు తట్టలేదు. తట్టనిచ్చానా అన్నది వేరే మాట.

మర్నాడు బజారుకి నడిచి వెళ్లి ఎలాస్టిక్ కొన్నాను. బొందు లాగి పారేశాను. ఆ రోజు నుంచి పొద్దున్నే చాప పరిచి దాన్ని కూర్చోబెట్టేదాన్ని. నిక్కరు కూర్చుని ఉండగానే రెండు కాళ్లకీ ఎక్కించుకుని, అప్పుడు లేచి పైకి లాక్కోమన్నాను. గుండీలు కింద నుంచి పెట్టుకురమ్మన్నాను. పైనుంచి మొదలుపెడితే చివర ఒకటి మిగిలిపోయేది. మొదట్లో రెండు కాళ్లూ ఒకే వైపు దూర్చేసి దబ్బున పడేది. నా చేతులు వాటంతట అవే ముందుకు పోయేవి. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని.

"ఒసే, ఆ సెయ్యి కాదే, రెండోది."

"ఒగ్గీ మామ్మా! నాకు తెలుసు."

నెల తిరగకముందే ఒక పొద్దున్న నన్ను గదిలోంచి బయటికి తోసింది. "నువ్వు సూడకు. నాను పిలుత్తాను" అని తలుపు మూసేసింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల అది తనలో తనే మాట్లాడుకుంటోంది. ఒకసారి ఏదో కింద పడింది. పిలుస్తుందేమోనని తలుపు మీద చెయ్యి వేశాను. పిలవలేదు.

తలుపు తీసి, చేతులు చాపి, చుట్టూ తిరిగి చూపించింది. పైనుంచి కింద దాకా చూశాను. ఒక్క గుండీ అయినా తప్పి ఉంటే బాగుండునని వెతికాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"బాగున్నావు, ఎల్లు" అన్నాను.

అది నా పక్కనుంచే, నాకు తగలకుండా, గేటు వైపు పరిగెత్తింది.