బోసినోటి గురువు దగ్గర నమలడం

ఎంత చిక్కు పనికైనా పట్టిక గీస్తే సగం అయిపోయినట్టేనని నేను నమ్మిన రోజులవి. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాదైంది. అందులోంచి నాకు మిగిలిందల్లా ఆ నమ్మకమే. ముందుకు పొడుచుకొచ్చిన నా కింది దవడను మగ్గాల పనికి మావాళ్లు వలస వచ్చిన ఈ ఊళ్లోనే, అడాజన్ పేటలో ఒక డాక్టరు కోసి, వెనక్కి జరిపి, ప్లేట్లూ స్క్రూలూ వేసి బిగించాడు. (స్క్రూల సైజు అడిగాను. చెప్పలేదు.) ఆరు వారాలు పళ్లకు రబ్బర్లు బిగించి, జావా పప్పుకట్టూ తాగించాక, "రెండు వారాల్లో రోటీ నమిలి చూపించు, రబ్బర్లు తీసేస్తా. లేదంటే ఇంకో నెల జావే" అన్నాడు హిందీలో. తినేటప్పుడు మాత్రం వాటిని విప్పుకోవచ్చట. ఎంత దయ!

నవాగామ్ పేటలోని మా ఇంటి గోడకు వెంటనే పట్టిక అతికించాను. మొదటి రోజు అరటిపండు, కుడివైపు పదిసార్లు, ఎడమవైపు పదిసార్లు నమలాలి. రెండో రోజు మెత్తటి అన్నం, పదిహేనేసి. వేగానికి ఒక గడి, విరామానికి ఒక గడి. కింది పెదవికి స్పర్శ లేదన్న సంగతికి మాత్రం గడి పెట్టలేదు. లెక్క పదికి చేరేసరికి అన్నం గడ్డం మీదుగా చొక్కాలోకి చేరేది. నేను ఎంతో శాస్త్రీయంగా ఖాళీ నోరు నములుతుండేవాణ్ని. పవర్లూమ్ నుంచి వచ్చిన నాన్న కాసేపు నిలబడి చూసి, "మగ్గమైతే నడుస్తున్నది, బట్టనే వస్తలేదు" అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

నాయనమ్మ అలా వదల్లేదు. "ఏందిరా బిడ్డా, గా కాయితం దిక్కు చూస్తవ్? బువ్వ నోట్ల ఉన్నదా, గోడకున్నదా? నాకు పండ్లు వోయి పదేండ్లాయె. ఒక్క పూటన్న పస్తున్ననా? జర నా మొకం చూడు. పెదవులు లోపటికి మడువు. బుక్కను నాలికతోని అంగిట్లకు నూకు. ఇగ ఇసుర్రాయి లెక్క తిప్పు."

తిప్పాను. అన్నం లోపలే ఉంది! నాలుగు రోజుల్లో పప్పులో నానిన రొట్టె కూడా దిగింది. పాత పట్టిక చింపి, నాయనమ్మ పద్ధతికి కొత్తది గీశాను.

గడువు రోజున ఆవిణ్ని వెంటబెట్టుకుని గర్వంగా వెళ్లాను. డాక్టరు పొడి రొట్టె ముక్క ఇచ్చాడు. పెదవులు మడిచి, ముక్కుకు గడ్డం ఆనించి, ఇసుర్రాయి తిప్పాను. నర్సు అటు తిరిగి నవ్వింది. డాక్టరు నా నోట్లోకి చూసి, పక్కనున్న బోసినోటిని చూసి, తల పట్టుకున్నాడు. "అరే భాయ్, నీ పళ్లు నేను వరుసలో పెట్టింది షోకేసు కోసమా? రెండు వారాల్లో ఒక్కసారైనా వాటిని వాడావా?"

"తిన్నడా లేదా, గది చెప్పుమను!" అని గద్దించింది నాయనమ్మ. ఏమంటోందని డాక్టరు అడిగాడు. థాంక్యూ చెబుతోందన్నాను.

ఇంకో నెల జావ తాగి, డాక్టరు పద్ధతిలో నమలడం నేర్చుకుని, రబ్బర్లు తీయించుకున్నాను. ఇప్పుడు చెరకు కూడా కొరుకుతాను. అయినా ఉన్ అనే పేటలో నేను పనిచేసే మిల్లు క్యాంటీన్‌లో మెత్తటి కిచిడీ పెట్టిన రోజున పెదవులు వాటంతటవే లోపలికి మడుచుకుంటాయి. ఎదుటివాళ్లు వింతగా చూస్తారు. నేను సరిచేసుకోను. నాలోని ఆ డిప్లొమా మేధావి డాక్టరు పరీక్ష తప్పితే తప్పాడు గానీ, నాయనమ్మ ముఖాన్ని చూసినంత శ్రద్ధగా ఇంకొక మనిషి ముఖాన్ని అన్ని రోజులు చూస్తూ కూర్చోవడం మళ్లీ నా వల్ల కాలేదు.