పాముచెవుల సారు

శాలిబండ సందులోని ఆ బడిలో సైన్సు చెప్పే వామన్‌రావుకు పిల్లలు పెట్టిన పేరు పాముచెవుల సారు. పాములకు బయటికి కనిపించే చెవులే ఉండవని ఏటా ఆయనే చెబుతాడు. అయినా ఆ పేరంటే లోలోపల మహా ఇష్టం. బోర్డు మీద రాస్తూనే, వెనక బెంచీలో చాక్లెట్ కాగితం విప్పింది ఎవరో చెప్పేసేవాడు. అది ఒకప్పటి మాట. ఆ సంగతి ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

చెప్పలేదనడమూ తప్పే, భార్య రంగనాయకి చెప్పింది. జ్వరమొచ్చినప్పుడు నోట్లో పెట్టిన థర్మామీటరు కూత పెట్టి పెట్టి ఊరుకున్నా, ఈయన బుద్ధిగా నోరు మూసుకుని కూర్చునే ఉన్నాడు. చెవుల డాక్టరుకు చూపిద్దామందావిడ. థర్మామీటరే పాడైందని తేల్చి ఆయన కొత్తది కొన్నాడు. కొత్తది కూడా పాడైనదే వచ్చింది.

ఆ రోజు ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం. మర్నాడు అందరూ గోల్కొండకు పోవాలి, కింద చప్పట్లు కొడితే పైన కోటలో ఎలా వినిపిస్తుందో చూడాలి. బస్సు మాట్లాడారు. కిటికీ సీటు ఎవరిదని వారం నుంచి ఒకటే లొల్లి.

సారు తన ఫోనును చిన్న స్పీకరుకు కలిపాడు. గాలిలో అలలు ఎంత దగ్గరదగ్గరగా వస్తే శబ్దం అంత సన్నగా ఉంటుందని చెప్పి, మెల్లగా సన్నం చేసుకుంటూ పోయాడు. వినిపించినంతసేపు అందరూ చెయ్యి ఎత్తి ఉంచాలి. సారూ ఎత్తాడు. బొంగురుగా మొదలైన చప్పుడు ఈలైంది, కీచురాయి కూతైంది, ఆగిపోయింది. సారు చెయ్యి దించాడు.

పిల్లలు దించలేదు.

ఆయన స్పీకరును కుదిపాడు, తట్టాడు. కొందరు రెండో చేత్తో చెవి మూసుకుని మొహం చిట్లించారు. నా ముందే నాటకమా అని సారుకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాక్ష్యానికి అటెండరు భిక్షపతిని పిలిచాడు. ఇద్దరిదీ ఒకే ఈడు.

“ఏమన్న వినవడ్తుందా భిక్షపతీ?”

“ఏం వినవడాలె సార్?”

ఇంకేం కావాలి? దొందూ దొందేనని ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. అబద్ధాలకోరులకు గోల్కొండ లేదన్నాడు సారు. బస్సు వద్దనమని పెద్ద మేడమ్‌కు చెప్పి రమ్మని భిక్షపతిని పంపాడు.

తరగతి చప్పబడిపోయింది. పింటూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎప్పుడూ ఎదురు చెప్పని అభిజ్ఞ లేచి నిలబడింది.

“మేం అబద్ధం చెప్తలేం సార్. అందరం కండ్లు మూసుకుంటం. మీరు ఫోను దాచి ఒత్తుండ్రి. ఎప్పుడు ఒత్తిన్రో మేం చెప్తం.”

వద్దనడానికి లేదు. పరీక్షించకుండా ఏదీ నమ్మొద్దని నేర్పింది ఆయనే. ఫోనును బల్ల కింద పెట్టుకుని ఒత్తాడు. మూసిన కళ్ళతోనే చేతులన్నీ లేచాయి. ఆపాడు, దిగాయి. గబగబా ఒత్తుతూ ఆపుతూ పోయాడు, చేతులూ అంతే గబగబా లేచి పడ్డాయి. ఆఖరికి ఒత్తినట్టు నటించి ఒత్తకుండా ఊరుకున్నాడు. ఒక్క చెయ్యీ కదల్లేదు.

“ఒత్తలేరు కదా సార్,” అన్నాడు పింటూ.

వయసు పెరిగేకొద్దీ చెవిలో ముందుగా పోయేది సన్నని శబ్దాలు పట్టే శక్తేనని ఆయన ఎన్ని బ్యాచులకు చెప్పాడో. ఆ వయసు తనదని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. సారుకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా దిగులేసింది.

“నాకే వినవడ్తలేదురా,” అన్నాడు. “మీరు నిజమే చెప్పిన్రు.”

మరుక్షణం తరగతంతా కిటికీల మీద పడి, ఇంకా నింపాదిగా మెట్లు దిగుతున్న భిక్షపతిని ఆగమని అరిచింది. ఆ కేక సారుకూ వినిపించింది, భిక్షపతికీ వినిపించింది. గోల్కొండ బస్సు దక్కింది.

పిల్లలు మళ్ళీ కూర్చున్నాక, ఆ చప్పుడు ఎట్లా ఉంటుందని సారు అడిగాడు. పళ్ళు జివ్వుమంటాయని ఒకరు, చెవిలో సూదితో గీకినట్టుంటుందని ఇంకొకరు అన్నారు. వినవడకపోవుడే నయం సార్ అన్నాడు పింటూ. అందరికంటే ముందు నవ్వింది సారే. నవ్వి, ఇంకొక్కసారి ఒత్తి, స్పీకరుకు చెవి ఆనించి చాలాసేపు అట్లాగే ఉన్నాడు. పిల్లలు చెవులు మూసుకున్నారు గాని, ఆపమని ఒక్కరూ అనలేదు.