కండక్టరు దొరస్వామి స్పానిష్

ఏ రెండు వస్తువులు కంటబడినా చాలు, అవి సరిసమానమని స్పానిష్‌లో తేల్చేసేవాడు ఘాట్‌రోడ్డు కండక్టరు దొరస్వామి. నేను చాలా ఊళ్లు తిరిగినాను, చాలా పిచ్చులు చూసినాను; ఇట్లాంటిది మాత్రం ఇంకెక్కడా తగల్లేదు. చిత్తూరు పాతపుస్తకాల అంగట్లో కొన్న ఒక స్పానిష్ వాచకం దీనికంతా మూలం.

"స్పెయినోళ్లు కొండకొస్తే వాళ్ల భాషలో టికెట్టెవరిస్తారప్పా?" అనేవాడు. పంతొమ్మిదివందల డెబ్బైలన్నీ గడిచిపోయినా ఒక్కడూ రాలేదు.

ఆ భాషలో చూపించే మాటలు మూడట. మన దగ్గరుంటే 'ఎస్తా', ఎదుటివాళ్ల దగ్గరుంటే 'ఎసా', ఇద్దరికీ దూరమైతే 'అకెయా'. మలుపుమలుపుకీ వేలు చాపి, "ఈ లోయ ఆ లోయంత లోతు!" అని రెండు భాషల్లో చెప్పేవాడు. జనం కళ్లు మూసుకుని గోవిందా అనేవాళ్లు.

"నోరు మూస్తావా, దిగి నడిచిపోతావా?" అని కసిరేవాడు డ్రైవరు బడే సాహెబ్.

ఒక వానసాయంత్రం కొండ దిగుతుంటే మా బస్సు బురదలో జారింది; వెనకచక్రం పిట్టగోడను పగలగొట్టి నిలిచింది. బస్సు లోయవైపు ఒరిగింది. బడే సాహెబ్ బ్రేకును తొక్కిపట్టి, "ఒక్కొక్కరే, మెల్లగా!" అన్నాడు. కొండవైపున్న ముందు తలుపులోంచి దిగినాం. నేనెట్ల దిగినానో నాకే తెలీదు.

వెనకసీట్లో జ్ఞానాంబ మిగిలిపోయింది. నగరి నుంచి మొక్కు తీర్చుకోను వచ్చిన మనిషి. గుండుకు రాసుకున్న గంధం చెమటకు కారిపోతోంది. సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కొయ్యబారిపోయింది. మేం దిగమని అరిచేకొద్దీ ఇంకా బిగుసుకుంది. బస్సు కిర్రుమంది.

దొరస్వామి మళ్లీ లోపలికి పోయినాడు.

"అమ్మా, నీ చేతిలో ఉండే కమ్మీ ఎసా. నేను పట్టుకున్నది ఎస్తా. దూరంగా ఆ తలుపు, అకెయా."

"సచ్చేకాడ పాఠాలేంది సామీ!"

"అదెంత గట్టిదో ఇదీ అంతే గట్టిది. పట్టుకుని సూడు."

ఒక చెయ్యి వదిలి పట్టుకుంది. అతను తలుపువైపు ఒక సీటు జరిగినాడు. "ఇదీ అంతే."

చక్రం కింద రాళ్లు జారి లోయలోకి దొర్లినాయి. ఆ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు.

"భయం సామీ..."

"నీకెంతో నాకూ అంతేనమ్మా. తాంతో మియెదో! అంతే భయం, సరిసమానం. రా."

కమ్మీ వెనక కమ్మీ పట్టుకుంటూ వచ్చింది. అకెయా తలుపు ఎస్తా అయింది. మేం ముందుచక్రాలకు రాళ్లు అడ్డం పెట్టినాక బడే సాహెబ్ కూడా దూకినాడు.

అలిపిరిలో టీ తాగేటప్పుడు అడిగినాను: "మీ ఇద్దరి భయం నిజంగా సమానమేనా అప్పా?"

"యాడ సమానం! ఆయమ్మకన్నా నాకే ఎక్కువ. ఎక్కువంటే వస్తాదా? తక్కువంటే నమ్ముతాదా?"

అతని గ్లాసులోని టీ సగం చొక్కా మీదే ఉండింది. పక్కబెంచీ మీదున్న జ్ఞానాంబ లేచొచ్చి, ఆ గ్లాసు లాక్కుని, తనే అతని నోటికి అందించింది.

"ఇప్పుడు చెప్పరా నీ స్పానిష్!" అన్నాడు బడే సాహెబ్.

నోటినిండా టీ. దొరస్వామి తల మాత్రం ఊపినాడు.