కుండ కింద రీలు

తొంభైల్లో మాట. స్నేహితుడి పెళ్లికి శ్రీకాకుళం నుంచి ఉదయగిరి వెళ్తున్నాను. ఫొటోలు తీసే పని నాదే. కెమెరా అరువుది, రీలు మాత్రం కొనాలి. దారిలో ఆత్మకూరు బస్టాండు పక్కన ఒక ఫొటో స్టూడియోలో, అద్దాల బీరువాలో ఉన్న చవక రీలు చూపించాను.

కొట్లో ఉన్న పెద్దామె అది తీయలేదు. "దేనికి అబ్బయ్యా?" అంది. పెళ్లికన్నాను.

"అయితే అది వద్దు. ఎండకు ఉడికిపోయి ఉండాది. పెండ్లికూతురు మొహం పచ్చగా పడతాది."

మంచినీళ్ల కుండ కింది తడి ఇసుకలోంచి ఒక స్టీలు డబ్బా తీసింది. అందులో రీళ్లు! చల్లటి రీలొకటి చవకదాని ధరకే ఇచ్చి, తనే కెమెరాలో ఎక్కించి, కుండ పక్కన నిలబడింది.

"ఎక్కించేటప్పుడు వెలుతురు తగిలి మొదటి ఫొటో ఎట్టాగూ కాలిపోతాది. అది పెండ్లికూతురికెందుకు? నా మీద కొట్టు."

ఎవరు రీలు కొన్నా ఆమె అలాగే నిలబడుతుందట.

పెళ్లి ఫొటోలన్నీ నిండు రంగుల్లో వచ్చాయి. ఆమెది మాత్రం సగం కాలి ఎర్రబడింది. మిగతా సగంలో కుండ మీద చెయ్యేసి నవ్వుతోంది. ఆల్బంలో ఫొటోలు పేరుస్తూ, ఆమె సంగతి చెప్పి దాన్ని పక్కన పెట్టబోతే పెళ్లికూతురు ఆపింది.

"మా పెండ్లికి ముందుగా వచ్చినామె ఈమే గదన్నా. మొదటి పేజీలో పెట్టు."