సొంతింట్లో అద్దెకు

ఈ ఉదయం తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు మీద రెండు సంతకాలు పెట్టాను, ఇల్లు ఇచ్చే కంపెనీ డైరెక్టరుగా ఒకటి, అద్దెకు దిగే మనిషిగా ఇంకొకటి. రెండూ నేనే. నవ్వొచ్చింది గానీ, చెప్పుకుని నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మన ఈడువాళ్లకైతే అర్థమవుతుందని చెబుతున్నాను. ఉద్యోగం చేసే రోజుల్లో బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి, నా పేరునే అప్పు తీసుకుని ఇళ్లు కొన్నాను. నెలనెలా మొదటి ఆదివారం అద్దెలకని బయలుదేరితే, వసూలుకా విందుకా అని మా ఆవిడ వెక్కిరించేది, ఎందుకంటే రేపల్లె ఇంట్లో ఉండే టీచరమ్మ చర్చి నుంచి వచ్చి, నాకు భోజనం పెట్టందే అద్దె చేతికిచ్చేది కాదు. "ఇంకొంచెం చారు పోసుకోండి అన్నయ్యగారూ, బండికింకా టైముందిలెండి" అంటూ, ఆ మాటల్లోనే కారుతున్న కుళాయి సంగతీ కలిపేది. రిపేరు ఖర్చుకు విసుక్కుంటూనే మజ్జిగ దాకా తినేవాణ్ణి.

తర్వాత ఆ ఇళ్ల మీద అంతస్తులు వేద్దామనుకున్నప్పుడు, అప్పు సొంత పేరున వద్దు బావా, కంపెనీ పెట్టి దాని పేరున తీసుకుంటే రేపేదైనా తేడా వచ్చినా అప్పులవాళ్లు నీ గుమ్మం ఎక్కరు అని బావమరిది పట్టుబట్టాడు. ఇళ్లు కంపెనీకి రాశాను. బ్యాంకువాళ్లు తాకట్టుకు అవి చాలవంటే, ఉంటున్న ఇల్లొక్కటీ వద్దని మా ఆవిడ మొత్తుకుంటున్నా వినకుండా ఇదీ రాసేశాను. అంతా అయ్యాక హామీదారుగా నా సంతకమూ పెట్టించుకున్నారు!

అప్పటినుంచి అద్దెలు కంపెనీ ఖాతాకే పోయేవి, లెక్కలూ రిపేర్లూ ఆడిటరు ఆఫీసువాళ్లే చూసుకునేవారు, నాకు వెళ్లే పని లేకపోయింది. పని లేకుండా ఒకరింటికి భోజనానికి ఎలా వెళ్లాలో నాకు తెలియలేదు. మా ఆవిడ పోయాక ఒక ఆదివారం స్టేషను దాకా వెళ్లి తిరిగొచ్చాను. టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసి, తాళంచెవులు ఆడిటరు ఆఫీసులో ఇచ్చి వెళ్లిందని రెండు నెలలకు గానీ తెలియలేదు.

ఇవాళ, కంపెనీ ఇంట్లో ఉంటున్నందుకు కాగితం ఉండాలని ఆడిటరు రాయించిన ఈ అగ్రిమెంటు మీద సాక్షి సంతకం కోసం పై వాటా తలుపు తట్టాను. ఏడాదిగా అక్కడ ఉంటున్న అమ్మాయి కాగితం చూసి, "ఓనరు ఏదో కంపెనీ అన్నారండి. అయితే మీరూ మాలాగే అద్దెకున్నారా బాబాయిగారూ?" అంది. అవునమ్మా అన్నాను. కుళాయి ఏమన్నా కారుతోందా అని అడిగాను. లేదండి, ఏదన్నా ఉంటే ఆఫీసుకు మెసేజ్ పెడతాం అంది.

కిందికొచ్చి మళ్లీ వరండాలోనే కూర్చున్నాను. అప్పులవాళ్లు నా గుమ్మం ఎక్కకూడదని అంత తాపత్రయపడ్డాను. ఇప్పుడు కుళాయి కారుతోందని చెప్పడానికైనా ఎవరూ ఎక్కడం లేదు.